దేవదానం కాలు కోసం పట్టిన గొలుసు ప్రార్థన

ముందు తిని వెళ్ళండి

కొత్తగా బైబిలు స్త్రీలుగా చేరే ఆడపిల్లలు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, రోగి దగ్గర కూర్చుని ఏమని ప్రార్థన చెయ్యాలి?" అని అడుగుతారు. నేను "పొద్దున ఏం తిన్నావు?" అని అడుగుతాను. ముసలిదానికి చెవుడు వచ్చిందనుకుని వాళ్ళు అదే ప్రశ్న గట్టిగా అడుగుతారు. నేనూ నా ప్రశ్న గట్టిగా అడుగుతాను.

ఉపవాసంతో వెళ్తే ప్రార్థనకు బలం వస్తుందని నాకు మొదట్లో చెప్పారు. సైదాబాద్‌లో ఒక బాలింతకు జ్వరమని కబురు వస్తే ఖాళీ కడుపుతో ఎండలో నడిచి వెళ్ళాను. మోకరించి "ప్రభువా" అన్నంతవరకే నాకు గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి మంచం మీద నేనున్నాను. ఆ బాలింత పక్కన నిలబడి నాకు గంజి తాగిస్తోంది. పాపం, ఆమె జ్వరం కూడా ఆ కంగారులో దిగిపోయింది. నేను బయల్దేరేటప్పుడు చేతులు జోడించి, "అక్కా, నాకు మంచిగనే ఉన్నది, ఇంక నువ్వు రాకు" అంది.

కాబట్టి తిని వెళ్ళండి. ఉపవాసం మీ ఇంట్లో, మీ కోసం ఉండండి. రోగి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒంట్లో శక్తి ఉండాలి. నీళ్ళు పట్టాలి, పక్క సర్దాలి, లేచి కూర్చోబెట్టాలి. అవన్నీ అయ్యాక ప్రార్థన.

మా పని ఏమిటో తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. పాతబస్తీలో మా సంఘం ఇళ్ళు ఒకచోట ఉండేవి కావు. యాకుత్‌పురా స్టేషను వెనక కొన్ని, సైదాబాద్‌లో కొన్ని, చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల వెనక సందుల్లో ఒకటీ రెండూ. ఎక్కడ రోగమో, చావో, తాగుడో ఉందంటే అక్కడికి సంచీలో బైబిలు పెట్టుకుని వెళ్ళి కూర్చోవడం నా ఉద్యోగం. అరవైల చివర చేరాను, ఎనభైలు గడిచేదాకా చేశాను. సందుల్లో తురకవాళ్ళు నన్ను "దువా అమ్మ", అంటే ప్రార్థన చేసే అమ్మ, అనేవారు. పిల్లకు దిష్టి తగిలిందంటే వాళ్ళూ పిలిచేవారు. పిలిస్తే వెళ్ళేదాన్ని.

నాకు అక్షరాలు ముప్పై దాటాక వచ్చాయి. అంతకుముందు దవాఖానలో నేల తుడిచేదాన్ని. అందుకే నా రాత ఇప్పటికీ పలక మీద రాసినట్టు పెద్దపెద్దగా ఉంటుంది. మాట కూడా అంతే, చిన్నగా రాయడం చేతకాదు.

అయ్యగారి వార్తలు

మా సంఘం అయ్యగారు మంచి మనిషి. వానలో గొడుగు ఎవరికైనా ఇచ్చి తాను తడిసే రకం. కానీ ఆయన ప్రార్థన రేడియోలో వార్తల్లా సాగేది. మొదట ప్రపంచం. యుద్ధాలు, కరువులు. తరువాత ఢిల్లీ. తరువాత మన రాష్ట్రం, మంత్రులకు మంచి బుద్ధి. తరువాత నగరం, నీళ్ళ కటకట. చివరికి ఎప్పుడో రోగి మంచం దగ్గరికి చేరేవారు. అప్పటికి రోగి గురక పెడుతూ ఉండేవాడు. నిద్ర పట్టనివాళ్ళ ఇళ్ళకు ఆయన్ను నేనే పట్టుబట్టి తీసుకెళ్ళేదాన్ని.

ఒకసారి అడిగేశాను. "అయ్యగారూ, ఢిల్లీ సంగతి దేవునికి మనం చెప్పాల్నా? ఆయనకు ముందుగాల తెల్వదా?"

ఆయన నవ్వారు. "తెలుసమ్మా ఎస్తేరూ. నొప్పితో ఉన్న మనిషి కళ్ళలోకి చూసి వెంటనే మొదలుపెట్టాలంటే నాకు భయం. అందుకని చుట్టూ తిరిగి వస్తాను."

ఆ మాట విన్నాక ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఆ భయం అందరికీ ఉంటుంది. దానికి ఒక్కొక్కరు ఒక్కో దారి వెతుక్కుంటారు. కొందరు పొడవుగా ప్రార్థిస్తారు. కొందరు రోగికన్నా గట్టిగా ఏడుస్తారు. ఇంకొందరు మంచం పక్కన కూర్చుని, "ఏదన్న పాపం మిగిలి ఉన్నదేమో, ఆలోచన చెయ్యి" అంటారు. ఇలా పాపం వెతికేవాళ్ళు కనబడితే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళండి. ఇరానీ హోటల్లో చాయ్ తాగించండి. మళ్ళీ లోపలికి రానియ్యకండి. ప్రభువే తన శ్రమ వచ్చినప్పుడు చెమటోడ్చి, ఇది తప్పిస్తే బాగుండు అని తండ్రిని అడిగాడు. ఆయన దగ్గర కూర్చుని ఏ పాపం వెతుకుతారు?

పందిరి మేకు

ఇక దేవదానం సంగతి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది చాలావరకు ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. డెబ్బైల చివరి మాట ఇది.

దేవదానం రైల్వేలో గ్యాంగ్‌మన్. యాకుత్‌పురా స్టేషను వెనక ఇల్లు. పట్టాలు ఎత్తి ఎత్తి భుజాలు తలుపంత అయ్యాయి. నోట్లో మాట మాత్రం ఉండేది కాదు. గుడిలో ఎప్పుడూ చివరి వరుస. నోరు తెరిచి ప్రార్థన చెయ్యగా ఎవరూ వినలేదు. ఆ లోటు భార్య సుందరమ్మ తీర్చేది, ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడేది. కానీ సంఘం కూటాలకు పందిరి వెయ్యాలన్నా విప్పాలన్నా దేవదానమే రావాలి.

ఆ ఏడు క్రిస్మస్ అయ్యాక పందిరి విప్పుతుంటే మేకు అరికాల్లో దిగింది. పీకి పారేసి పని సాగించాడు. "సూది ఏపిచ్చుకో" అని నేనంటే, "దేవుని పనిల గుచ్చుకున్న మేకు ఏం జేస్తదక్కా" అన్నాడు. సంఘమంతా తల ఊపింది. మా వాళ్ళు మాత్రమే చెయ్యగల పొరపాటు ఇది. అదే మేకు రైలు పట్టాల దగ్గర దిగి ఉంటే ఆ సాయంత్రమే దవాఖానకు పోయేవాడు. గుడి పందిరి మేకు కాబట్టి ప్రార్థన చేసిన నూనె రాసుకుని తిరిగాడు. ఒంట్లో చక్కెర జబ్బు ఉందని అతనికీ తెలియదు, మాకూ తెలియదు.

మొదట చూసింది పక్కింటి షరీఫా బీ. ఆమె బట్టల మీద జరీ పూలు కుట్టేది, కళ్ళు సూదికన్నా పదును. గోడ మీంచి ఇటు చూసి కేక వేసింది.

"అగే సుందరమ్మా! నీ మొగుని కాలు చూసినవా? వేలు వంకాయ లెక్క అయ్యింది! నూనె పూసి కూర ఒండుతవా ఏంది? దవాఖానకు తీస్కపో!"

అప్పటికి ఆలస్యమైంది. పెద్ద దవాఖానలో డాక్టరు చూసి, మోకాలి కింద దాకా తీసెయ్యాలి, నలుపు పైకి పాకుతోంది, రోజులు గడిపితే మనిషే దక్కడు అని చెప్పాడు. దేవదానం సంతకం పెట్టాలి. అతను కాగితం వంక చూసి, "రేపు పెడ్త సారు" అన్నాడు. మరునాడు కూడా అదే మాట అన్నాడు.

గొలుసు

మేకు మా పందిరిది. అందుకని సంఘానికి గుండెల్లో దడ పట్టుకుంది. కాలు నిలబడేదాకా గొలుసు ప్రార్థన అని ఆదివారం అయ్యగారు ప్రకటించారు. గొలుసు ప్రార్థన అంటే ఒకరి తరువాత ఒకరు, మధ్యలో సందు లేకుండా. తరువాతి మనిషి వచ్చి మోకరిస్తేగాని ముందున్న మనిషి లేవకూడదు. తెగితే అంతా మళ్ళీ మొదటికి వచ్చినట్టు మా వాళ్ళ నమ్మకం. చూడటానికి వీలున్న వేళల్లో దవాఖానలో, మిగతా వేళల్లో సుందరమ్మ ఇంట్లో.

గొలుసులో మాటలు చెప్పుకున్నంత పవిత్రంగా ఏమీ ఉండవు. ఒకామె వంతు అయిపోయింది, తరువాతి ఆమె రాలేదు. లేస్తే గొలుసు తెగుతుంది, పొయ్యి మీద అన్నం మాడుతోంది. అప్పుడామె కళ్ళు మూసుకునే, "ప్రభువా, మార్తమ్మను జల్ది బస్సెక్కియ్యి. బస్సుల కండక్టరుతోని లొల్లి పెట్టుకోకుండ చెయ్యి. అన్నం అడుగంటకుండ కాపాడు" అని ప్రార్థించింది. మేమంతా "ఆమేన్" అన్నాం. మా దగ్గర అది అలవాటు. ఎవరు ఏమన్నా, చివర గొంతు దిగితే చాలు, "ఆమేన్" దానంతట అదే వస్తుంది.

దవాఖానలో మాత్రం నాకు నవ్వు రాలేదు. మంచం చుట్టూ ఆడవాళ్ళు మోకరించి, "కాలు నిలబెట్టు తండ్రీ" అంటున్నారు. దేవదానం గోడవైపు తిరిగి పళ్ళు బిగించుకుని ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. మంచం కింద ఫ్లాస్కు పెట్టుకుని షరీఫా బీ కూర్చుంది. నన్ను చూసి గొణిగింది.

"దువా అమ్మా, జర ఆయనను నిద్రపోనియ్యమని చెప్పు. అల్లా మియాకు చెవులు మంచిగనే ఉన్నయి. గింత గట్టిగ ఎందుకు?"

నేను ఆడవాళ్ళను కొంచెం చిన్నగా చెయ్యమని చెప్పి, అతని తల దగ్గర వంగాను.

"దేవదానం, డాక్టరు మళ్ళ వచ్చి పోయిండంట గద. సంతకం ఎందుకు పెడ్తలేవు? కాలు మీద ఆశనా?"

అతను గోడ వైపు చూస్తూనే అన్నాడు. "కాలు పోతె పోయింది అక్కా. నొప్పి ఓర్వలేకపోతున్న. కొయ్యుండ్రి అని మొదటి నాడే అందామనుకున్న."

"మరి?"

"ఎట్లంటనక్కా? గింతమంది పనులిడిసి, మోకాళ్ళు పుండ్లయ్యేటట్టు కూసోని కాలు నిలబెట్టు అంటుండ్రు. నేను నడుమ లేసి, వద్దు కొయ్యుండ్రి అంటె ఏం మర్యాద? అందరి ముంగట సంఘం మొహం మీద కొట్టినట్టు గాదా?"

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చావుకు భయపడడు, కోతకు భయపడడు. మొహమాటపడి చచ్చిపోతున్నాడు! మేము అతని కోసం పట్టిన గొలుసు అతని మెడకే చుట్టుకుంది. రేపు అతను పోతే మేమంతా సమాధి దగ్గర నిలబడి, దేవుని చిత్తం అంటాం. అది దేవుని చిత్తమా, మా మర్యాదా?

సుందరమ్మ మంచం అవతల మోకరించి ఉంది. ఆమెతో మాట్లాడి చూశాను.

"నువ్వు గూడ ఇట్లనే అంటవా అక్కా? బైబిలు పట్టుకోని తిరిగేదానివి! కాలు తీపిస్తె నమ్మకం లేనట్టే. కాలు లేకపోతె పట్టాల మీద ఎవలు నడుస్తరు, నువ్వు నడుస్తవా?"

ఆమె తప్పు కూడా కాదు. భయం ఆమెతో అలా మాట్లాడిస్తోంది. భయపడ్డ మనిషితో వాదన పెట్టుకోకండి. గెలిచినా లాభం లేదు.

దేవదానం వంతు

అప్పుడు నాకు ఒకటి తోచింది. గట్టిగా అన్నాను. "అమ్మలారా, గొలుసుల అందరి వంతు అయింది గని, దేవదానం వంతు రాలేదు. ఇప్పుడు ఆయన చేస్తడు."

అందరూ కళ్ళు తెరిచారు. సుందరమ్మకు కోపం వచ్చింది. "ఆయనకు చేతగాదు! ఇంట్ల అన్నం ముంగట గూడ నేనే చేస్త."

"ఆయన కాలు, ఆయన నొప్పి. చేతనైనంత చేస్తడు. కళ్ళు మూస్కోండ్రి."

దేవదానం నా వైపు బెదురుగా చూశాడు. "ఏమనాలె అక్కా?"

"నాతోని ఇప్పుడు గోడ దిక్కు చూసుకుంట ఏమన్నవో అదే ఆయనతోని అను. ఆయనకు నీ మొహం కొత్తేం గాదు."

దేవదానం కళ్ళు మూసుకున్నాడు. వార్డులో ఎవరో దగ్గుతున్నారు. తరువాత అతని గొంతు వచ్చింది, బొంగురుగా.

"ప్రభువా. నేను దేవదానాన్ని. నాకు మస్తు నొప్పైతున్నది. ఈల్లందరు నా కాలు అడుగుతుండ్రు, మంచోల్లు, ఈల్ల మీద కోపం చెయ్యకు. నాకైతె కాలొద్దు. తీస్కో. నన్ను మాత్రం సుందరమ్మ కాడ ఉంచు, దానికి ఒక్కదానికి ఇంట్ల భయం. గంతే. ఇంక నాకు రాదు."

గొంతు దిగింది. మంచం చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారే, "ఆమేన్" అన్నారు.

అన్నాక ఒక్కొక్కరికీ తాము దేనికి ఆమేన్ అన్నారో తెలిసింది. నోటి మీద చెయ్యి పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. సుందరమ్మ లేచి నిలబడింది. "ఏందిది? నేను దానికి అనలే! నోరు అలవాట్ల అన్నది!"

షరీఫా బీ ఫ్లాస్కు మూత తిప్పుతూ తాపీగా అంది. "అన్నవ్ సుందరమ్మా. నేనిన్న. నేను గూడ ఆమీన్ అన్న. సబ్ మిల్‌కే బోల్ దియే, అందరు కలిసి అన్నరు, బస్. దేవునితోని బేరమాడుతరా? పెద్ద మనుషులు మాటిచ్చి తప్పుతరా?"

"నువ్వెందుకన్నవ్ నడుమ?"

"నీ మొగుడు నిన్ను అడిగిండమ్మా దువాల. కాలు అడగలే. నా మొగుడు ఇరవై ఏండ్ల సంది నమాజ్ చేస్తుండు, నా పేరు ఒక్కనాడన్న ఎత్తిండా?"

సుందరమ్మ దేవదానం మొహంలోకి చూసింది. అన్ని రోజులుగా ఆమె అతని కాలినే చూస్తోంది. నిలబడ్డ మనిషి అలాగే కూలబడి, అతని చెయ్యి నుదుటికి ఆనించుకుంది. వద్దనలేదు. అవుననలేదు. ఆ సాయంత్రం అతను సంతకం పెట్టాడు.

ఆపరేషను పొద్దున అయ్యగారు పరుగున వచ్చారు. గొలుసు ఎందుకు ఆపారని నన్ను అడుగుతారేమోనని నేను జవాబు సిద్ధం చేసుకున్నాను. ఆయన అడగలేదు. స్ట్రెచరు తలుపు వైపు దొర్లుతోంది. ఆయన దాని పక్కనే పరుగు పెడుతూ నోరు తెరిచారు. ప్రపంచానికి వ్యవధి లేదు, ఢిల్లీకి లేదు. "ప్రభువా, మా దేవదానం" అన్నారు. తలుపు మూసుకుంది. ఆయన అక్కడే నిలబడి కళ్ళజోడు తుడుచుకున్నారు. అయ్యగారు చేసిన ప్రార్థనల్లో నాకు పొల్లు పోకుండా గుర్తున్నది అదొక్కటే.

మాటల్లేని మనిషి

కాలు పోయింది, మనిషి మిగిలాడు. ప్రార్థన నెరవేరిందా లేదా అని మీరు నన్ను అడుగుతారు. మేము అడిగింది జరగలేదు. అతను అడిగింది జరిగింది. అంతకుమించి నాకు తెలియదు. తెలుసనేవాళ్ళు చాలామంది ఉన్నారు, కావాలంటే వాళ్ళను అడగండి. నేను చెప్పగలిగింది ఇంతే: నొప్పిలో ఉన్న మనిషి బదులు మీరు ప్రార్థించే ముందు, అతనికి నిజంగా ఏం కావాలో అతన్నే అడగండి. దేవుని ముందు మర్యాదగా అబద్ధమాడటం కన్నా, మొరటుగా నిజం చెప్పడం మేలు. మర్యాదలు ఆయన చాలా చూశాడు.

అయితే సుందరమ్మ సంగతి అక్కడితో తేలలేదు. మనిషి ఇంటికి వచ్చాక సంఘం కృతజ్ఞతా కూటం పెడతానంది. సుందరమ్మ తలుపులోనే అడ్డం నిలబడి, "దేనికి కృతజ్ఞత? సగం కాలుకా?" అంది. గుడికి రావడం మానేసింది. అన్నం ముందు ప్రార్థన కూడా మానేసింది. నేను వెళ్ళి కూర్చుంటే చాయ్ ఇచ్చేది, బైబిలు తీస్తే లేచిపోయేది.

"నాకూ ఆయనకూ మాటల్లేవక్కా" అంది ఒకరోజు, దేవుని గురించి, పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు. "నువ్వు నడుమల రాజీ చెయ్యకు."

నేను చెయ్యలేదు. మీరూ చెయ్యకండి. అలిగినవాళ్ళను బలవంతాన మోకరింపజేస్తే మోకాళ్ళు వంగుతాయి, మనిషి వంగదు. ఊరికే వెళ్ళి వస్తూ ఉండండి. తిని వెళ్ళారు కాబట్టి ఆకలి కూడా వెయ్యదు.

ఒక మధ్యాహ్నం అలాగే వెళ్ళాను. సుందరమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. దేవదానం మంచం మీద అటూ ఇటూ మెసులుతున్నాడు. నన్ను చూడగానే సిగ్గు విడిచి అడిగాడు.

"అక్కా, కాలు దురద పెడుతున్నది."

"గోక్కో మరి."

"లేని కాలు! పొయిన కాలు దురద పెడుతున్నది. బొటనవేలు కాడ. గోకుదామంటె వేలు లేదాయె. నిద్ర లేదు, పరేశాన్ అయితున్న. దీనికేమన్న ప్రార్థన ఉన్నదా?"

సుందరమ్మ తల ఎత్తకుండానే, "నకరాలు! లేని కాలుకు దురదేంది?" అంది. కానీ దేవదానం కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అంత కోతకు ఏడవని మనిషి.

నాకు ప్రార్థన రాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో లేని కాలి దురద గురించి నాకెవరూ నేర్పలేదు. ఆ మాటే చెప్పాను. "నాకు తెల్వదు బిడ్డా."

స్టేషనులో బండి ఆగి, మళ్ళీ కదిలిన చప్పుడు. సుందరమ్మ చాట పక్కన పెట్టింది. లేచి వచ్చి మంచం కాళ్ళ దిక్కున కూర్చుంది. దుప్పటి మీద, కాలు లేని చోట, ఖాళీగా ఉన్న చోట, గోళ్ళతో మెల్లగా గోకసాగింది.

"ఈడ్నా?"

"జర కిందికి."

"ఈడ్నా?"

"ఆఁ. గాడనే. ఆపకు."

ఆమె ఆపలేదు. గోకుతూ గోకుతూ ఉంటే కన్నీళ్ళు దుప్పటి మీద పడ్డాయి. తుడుచుకోలేదు, రెండు చేతులకూ పని ఉంది. తల పైకెత్తి, ఇంటి కప్పు వైపు చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషిని నిలదీసినట్టు అడిగింది.

"ఏందయ్యా ఇది? ఏం జెయ్యమంటవ్ నన్ను?"

నెలల తరువాత ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. నేను కలగజేసుకోలేదు. చాట దగ్గరికి జరుపుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాను.